నీటి చుక్క భూతద్దం

ప్రతి ఏడూ జూన్ నెలలో మా హైస్కూలు ఆరో తరగతికి నాలుగైదు ఊళ్ల పిల్లలు వస్తారు. వారిలో ఒక ఊరి పిల్లల్ని నేను ఇట్టే గుర్తుపడతాను. "గాలికి బరువు ఉంది" అని చెప్పగానే మిగతావాళ్లు నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఆ ఊరి పిల్లలు మాత్రం "ఎలా తూచారు మాస్టారూ?" అని అడుగుతారు.

ఈ అలవాటు చేసింది ఎవరా అని ఒక శనివారం ఆ ఊరి ఎలిమెంటరీ స్కూలుకు వెళ్లాను. రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. మొత్తం పిల్లలు 30 మంది. నేను వెళ్లేసరికి టీచరుగారు వరండాలో కూర్చుని పిల్లలచేత ఒక ప్రయోగం చేయిస్తున్నారు. అది మీరూ చేయవచ్చు.

సన్నని రాగి తీగను మేకు చుట్టూ ఒక చుట్టు చుట్టి, కొసలు మెలిపెట్టి, మేకును లాగేయండి. చిన్న ఉంగరం తయారవుతుంది. దాన్ని నీళ్లలో ముంచి మెల్లగా పైకెత్తితే ఉంగరంలో ఒక చుక్క నిలుస్తుంది. పుస్తకంలోని అక్షరానికి దగ్గరగా పట్టుకుని చుక్కలోంచి చూడండి. అక్షరం పెద్దదిగా కనిపిస్తుంది!

నీటిని ఉంగరంలో పట్టి ఉంచేది తలతన్యత. ఉబ్బెత్తుగా ఉన్న నీటి ఉపరితలం కాంతి కిరణాలను వంచి, కుంభాకార కటకంలా పనిచేస్తుంది.

అంతలో ఒక పాప బిక్కమొహం వేసుకుని వచ్చింది. "టీచర్, నా అక్షరం చిన్నదైంది. నేను తప్పు చేశానా?"

"తప్పేం లేదమ్మా, నీకు కనిపించింది చెప్పావు. ఎందుకలా అయిందో చూద్దాం రా" అన్నారు టీచరుగారు. చుక్కను పక్కనుంచి చూడమన్నారు. కొంత నీరు జారిపోయి, మధ్యలో గుంట పడింది. ఉబ్బెత్తు కటకం పుటాకార కటకమైంది! కటకాల పేర్లు ఆ పాపకు ఇంకా తెలియవు. కాని రెండు రకాల కటకాలనూ తానే కనిపెట్టింది.

"పేర్లదేముందండీ, తర్వాత చెప్పవచ్చు. ముందు చూడాలి, చూసింది చూసినట్టు చెప్పాలి. నా దృష్టిలో సైన్సంటే అదే" అన్నారు ఆవిడ.

నాకు చాలా సంతోషం కలిగింది. "పైసా ఖర్చు లేకుండా ఎంత బాగా చెబుతున్నారండీ!" అన్నాను.

ఆవిడ ముఖంలో సంతోషం కనిపించలేదు. "ఆ మాటే అందరూ అంటారు మాస్టారూ. తీగా, మేకూ మేం తెచ్చుకోగలం. కాని చీమ కాలు చూడాలనుకునేసరికి ఈ చుక్క కాస్తా రాలిపోతుంది. నలుగురికి ఒక భూతద్దం చొప్పున వేసుకున్నా ఎనిమిది కావాలి. పైగా నేనిక్కడ రెండు తరగతులతో ఉంటే, ఆ గదిలో మూడు తరగతులకు ఒక్కరే టీచరు. ఖర్చు లేని ప్రయోగం ఉంటుంది గాని, ఖర్చు లేని బడి ఉండదండీ."

నలుగురికి ఒకటి అన్న ఈ లెక్క ఇదివరకు మన దేశంలో అమలైందే. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక కొత్త సైన్సు కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, రసూలియా గ్రామీణ కేంద్రం అనే రెండు సంస్థలు దాన్ని ప్రారంభించాయి. పిల్లలు నలుగురేసి జట్లుగా ప్రయోగాలు చేసి, తాము చూసినదాన్ని రాసేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. ఎందుకంటే అక్కడ పరీక్షించేది జ్ఞాపకశక్తిని కాదు, ఆలోచనను. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు కూడా అక్కడ పాఠాలు చెప్పాయి. అయితే సర్కారు బడులకు సామాను పెట్టెలు అందించేవారు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేవారు. 30 ఏళ్లు సాగిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది.

"మీ బడికి భూతద్దాలు నేను కొనిస్తాను" అన్నాను టీచరుగారితో.

"ఇవ్వండి, సంతోషంగా తీసుకుంటాను. కాని పగిలితే? మీరు రిటైరయ్యాక? నేను ఇదివరకు పనిచేసిన బడిలో ఒక సైన్సు పెట్టె ఉండేది. ఏదైనా పగిలితే ఎవరు కట్టుకోవాలన్న భయంతో దానికి తాళం వేసి ఉంచారు. చివరికి అందులోని సామానంతా తుప్పు పట్టిపోయింది. పగిలినదాన్ని మళ్లీ కొనుక్కోవడానికి డబ్బుంటేనే పెట్టె తాళం తీస్తారండీ."

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. సమగ్ర శిక్ష పథకంలో 2021లో సవరించిన నిబంధనల ప్రకారం, 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి ఇచ్చే గ్రాంటు 10,000 రూపాయలు. జీతాలు, పుస్తకాలు, మధ్యాహ్న భోజనం దీనిలో చేరవు. గ్రాంటులో పదో వంతు పారిశుద్ధ్యానికి పోను మిగిలేది 9,000. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు, బోధన సామగ్రి అన్నీ అందులోంచే రావాలి. 30 మందికి పంచితే తలకు 300 రూపాయలు. అంటే రోజుకు రూపాయి కూడా కాదు!

దేశానికి ఈ సంగతి తెలియక కాదు. భౌతిక శాస్త్రవేత్త దౌలత్ సింగ్ కొఠారీ అధ్యక్షతన ఏర్పడిన విద్యా కమిషన్ 1966లో నివేదిక ఇచ్చింది. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చు చేయాలని సూచించింది. 1968 జాతీయ విద్యావిధానం ఆ లక్ష్యాన్ని స్వీకరించింది. 2020 విధానం కూడా అదే మాట చెప్పింది. ఆ లక్ష్యాన్ని మనం ఇంకా చేరుకోలేదు.

ఆ డబ్బు ఎవరిదో తెలుసా? కూలికి వెళ్లే తల్లి సబ్బుబిళ్ల కొన్నా, దాని ధరలో పన్ను కలిసే ఉంటుంది. కాబట్టి సర్కారు బడికి ఇచ్చే భూతద్దం ఎవరో చేసే దానం కాదు. ఆ తల్లి కట్టిన పన్నులోంచి ఆమె బిడ్డకు రావలసినదే.

పిల్లలూ, ఈ సాయంత్రం నీటి చుక్క భూతద్దం చేసి చూడండి. చుక్క ఎంతసేపు నిలిచిందో లెక్కపెట్టండి. తర్వాత మీ బడిలో సైన్సు బీరువా ఉంటే, అది చివరిసారి ఎప్పుడు తెరిచారో మీ మాస్టారిని వినయంగా అడగండి. అడగడం కూడా సైన్సే.