పదిహేడేళ్ల కాన్పు: ఏది ఆపింది, ఏది ఆపలేదు

పది నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య వచ్చే గర్భాన్ని వైద్యులు కౌమార గర్భం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్కల ప్రకారం అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో 15–19 ఏళ్ల అమ్మాయిలకు ఏటా సుమారు 2.1 కోట్ల గర్భాలు వస్తున్నాయి. వాటిలో దాదాపు సగం అనుకోకుండా వచ్చినవే.

రజస్వల అయినంత మాత్రాన ఒళ్లు కాన్పుకు సిద్ధమైనట్టు కాదు. ఎత్తు పెరగడం దాదాపు ఆగిపోయాక కూడా కటి ఎముకలు కొంతకాలం పెరుగుతూనే ఉంటాయి. 20–24 ఏళ్ల తల్లులతో పోలిస్తే ఈ వయసు వారికి గుర్రపువాతం, కాన్పు తర్వాత గర్భాశయానికి సోకే ఇన్‌ఫెక్షన్ల ముప్పు ఎక్కువ. మరో చిక్కు పోషణది. అమెరికాలోని క్యామ్డెన్‌లో థెరిసా షోల్ బృందం గర్భిణులైన టీనేజి అమ్మాయిల మోకాలి ఎత్తును ప్రత్యేక పరికరంతో పదేపదే కొలిచి, ఎవరు ఇంకా ఎదుగుతున్నారో కనిపెట్టింది. ఎదుగుతున్న అమ్మాయిలు బరువు బాగానే పెరిగారు గానీ, వారి బిడ్డలు మాత్రం సుమారు 150 గ్రాములు తక్కువ తూగారు. తిన్నదాంట్లో బిడ్డకు చేరాల్సిన వాటాను తల్లి ఒళ్లే అట్టిపెట్టుకుందన్నమాట. మన దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ స్థితిలో ఈ పంపకం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అంతకుముందు సర్వే వివరాలను విశ్లేషించిన పరిశోధకులకు, పెద్ద వయసులో తల్లులైన వారి పిల్లల కంటే కౌమార తల్లుల పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 11 శాతం పాయింట్లు ఎక్కువగా కనిపించారు.

నివారణ విషయానికొస్తే, భయపెడితే సరిపోతుందన్న నమ్మకం చాలాకాలం చెలామణీలో ఉంది. దాన్ని గట్టిగా పరీక్షించింది ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం. 57 పాఠశాలలను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. ఒక వర్గంలోని 13–15 ఏళ్ల బాలికలకు ఆరు రోజుల కార్యక్రమంలో పాఠాలతో పాటు, శని ఆదివారాలు ఇంటికి తీసుకెళ్లడానికి ఒక ఎలక్ట్రానిక్ బొమ్మను ఇచ్చారు. అది అర్ధరాత్రి గుక్కపట్టి ఏడుస్తుంది. పాలు పట్టాలి, తేన్పు తెప్పించాలి, గుడ్డలు మార్చాలి. పట్టించుకోకపోతే ఆ సంగతి లోపల నమోదవుతుంది. పిల్లల పెంపకం ఎంత కష్టమో తెలిస్తే అమ్మాయిలు జాగ్రత్త పడతారన్నది ఆలోచన. ఇరవయ్యేళ్లు వచ్చేదాకా వారి ఆసుపత్రి రికార్డులు చూసి, ఫలితాలను 2016లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. బొమ్మను పెంచిన వారిలో 8 శాతం మంది బిడ్డల్ని కన్నారు. బొమ్మ ఇవ్వని వారిలో 4 శాతం. గర్భస్రావం చేయించుకున్నవారు 9 శాతం, 6 శాతం. ఆపుతుందనుకున్నది పెంచింది. బొమ్మతో తిరిగే పిల్లకు ఇంటా బయటా దక్కిన ముద్దు మురిపెమే కారణం కావచ్చని ఒక ఊహ ఉంది. అదేమైనా, అప్పటికే ఈ బొమ్మలు పలు దేశాల బడుల్లోకి చేరిపోయాయి. పరీక్షించకముందే ప్రచారంలోకి వచ్చే మంచి ఉద్దేశాలకు ఇదొక ఖరీదైన ఉదాహరణ.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 2007లో మొదలైన ఛాయిస్ అధ్యయనం ఎవరినీ భయపెట్టలేదు. 9,256 మంది మహిళలకు తాత్కాలిక గర్భనిరోధక పద్ధతులన్నీ, బాగా పనిచేసేవి ముందు చెప్పి, ఉచితంగా ఇచ్చింది. టీనేజి వారిలో 72 శాతం మంది కాపర్-టి లాంటి లూపునో, మోచేతి పైన చర్మం కింద అమర్చే ఇంప్లాంట్‌నో ఎంచుకున్నారు. అధ్యయనంలోని టీనేజి వారందరినీ కలిపి చూస్తే ఏడాదికి వెయ్యి మందికి 34 గర్భాలు నమోదయ్యాయి. అప్పట్లో అమెరికాలో లైంగిక అనుభవమున్న టీనేజి వారి సగటు 158.5. ఇది లాటరీ పద్ధతి పరీక్ష కాదు, తమంతట తామే వచ్చి చేరినవారి లెక్క. అందుకని తేడా అంతా పద్ధతుల గొప్పే అనలేం. కానీ రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోవాల్సిన మాత్ర, వాడే మనిషి మతిమరుపుతో పాటు విఫలమవుతుందనేది ఇదే అధ్యయనంలో స్పష్టంగా తేలింది. మాత్ర, చర్మానికి అంటించే ప్యాచ్, యోనిలో అమర్చుకునే రింగు వాడిన వారిలో ఏటా నూటికి 4.55 వైఫల్యాలుంటే, లూపు, ఇంప్లాంట్ వారిలో 0.27 మాత్రమే.

ఈ రెండు అధ్యయనాలూ ప్రధానంగా పెళ్లికి ముందు వచ్చే గర్భం గురించినవి. దక్షిణాసియాలో కౌమార గర్భం చాలావరకు పెళ్లి తర్వాతే వస్తుంది. ఇక్కడ అసలు మీట పెళ్లి వయసే. దక్షిణ బంగ్లాదేశ్‌లో జరిగిన ఒక ప్రయోగంలో, 15–17 ఏళ్ల అమ్మాయికి పద్దెనిమిది నిండేదాకా పెళ్లి చేయని కుటుంబాలకు నాలుగు నెలలకోసారి వంటనూనె ఇచ్చారు. ఏడాదికి దాని విలువ 16 డాలర్లు. బాల్య వివాహాలు దాదాపు అయిదో వంతు తగ్గాయి. అదే ప్రయోగంలో అమ్మాయిలకు నిర్వహించిన సాధికారత తరగతులు చదువును పెంచాయి గానీ పెళ్లిళ్లను ఆపలేకపోయాయి. నిర్ణయం తీసుకునేది పెద్దలైనప్పుడు పాఠం పిల్లకు చెబితే ఏం లాభం? ఆఫ్రికాలోని మలావీలో, బడికి రావాలన్న షరతు లేకుండా నెలనెలా డబ్బిచ్చిన అమ్మాయిల్లోనే టీనేజి గర్భాలు, పెళ్లిళ్లు తగ్గాయి. బడి మానేసిన పిల్లలకూ ఆ సొమ్ము అందడమే అందుకు కారణం. డబ్బు ఆగిపోయాక ఆ ప్రభావం చాలావరకు కరిగిపోయింది.

తెలుగు రాష్ట్రాల లెక్కలు చూస్తే ఒక వింత కనిపిస్తుంది. 2019–21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటు సంతానం 1.7, జనాభా నిలకడకు కావాల్సిన 2.1 కంటే తక్కువ. అయినా 15–19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవారు, గర్భంతో ఉన్నవారు కలిపి 12.6 శాతం. తెలంగాణలో 5.8, దేశ సగటు 6.8. 20–24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిదికి ముందే పెళ్లయినవారు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఆంధ్రలో వివాహితల్లో 69.6 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. మాత్రలు, లూపు వాడేవారు వేళ్లమీద లెక్కపెట్టదగ్గంత మంది. అంటే పదిహేడుకు పెళ్లి, ఏడాది తిరిగేసరికి ఒకరు, మరో రెండేళ్లకు ఇంకొకరు, పాతికలోపు ఆపరేషన్. కుటుంబ నియంత్రణ కాన్పులను ఆపడంలో గెలిచింది, మొదటి కాన్పును వాయిదా వేయడంలో వేలు పెట్టనేలేదు.

వాయిదాకు పనికొచ్చేవి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే దొరుకుతాయి: మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన ఛాయ మాత్ర. ఛాయను మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికోసారి వేసుకోవాలి. అయితే కొత్త కోడలు ‘విశేషమేమైనా ఉందా’ అన్న ప్రశ్న మధ్య అత్తగారింట్లో వీటిని అడిగి తెచ్చుకోవడం అంత తేలిక కాదు. పద్దెనిమిది నిండని అమ్మాయికి మరో అడ్డంకి, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం. ఆమె గర్భం సంగతి తెలిస్తే వైద్యులు పోలీసులకు చెప్పి తీరాలి. ఆ భయంతో చాలామంది ఆలస్యంగా వస్తారు, లేదా అర్హత లేనివారి దగ్గరికి వెళ్తారు. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.