చిత్రములకు వెలకట్టిన వనిత

మేము నివసించు అరకులోయలో గిరిజన స్త్రీలు ఇంటిగోడలకు ఎఱ్ఱమన్ను పూసి, తెల్లమట్టితో అంచులు తీర్తురు. పండుగకు ముందు ఆ పనితనము చూడవలసినదే. దారినబోవు యాత్రికులు నిలిచి, మెచ్చి, ఫొటోలు తీసికొని పోవుదురు. పూసిన చేతికి ఒక్క కాసైనను ముట్టదు. భాగవతమున చిత్రరేఖ ఉషకొఱకు రాజకుమారుల రూపములు లిఖించెనని చదువుకొంటిమి గాని, ఆమెకు గ్రాసమెట్లు జరిగెనో మనమెవ్వరమును విచారింపలేదు.

ఆ విచారమునే వృత్తిగా చేసికొనిన స్త్రీ అమెరికాలో నొకతె యుండెను. ఆమె పేరు ఎడిత్ హాల్పెర్ట్. 1900లో ఒడెస్సాలో జన్మించి, బాల్యముననే న్యూయార్కు చేరి, పెద్ద దుకాణములలోను బ్యాంకులోను పనిచేసి వ్యాపారమర్మము నేర్చెను. 1926లో గ్రీనిచ్ విలేజి పేటలో చిత్రములమ్ము అంగడి తెఱచెను. మఱుసటియేట దానికి డౌన్‌టౌన్ గ్యాలరీ యని పేరిడెను. ధనికులు ఐరోపా పటములకై ఎగబడుచుండిన కాలమది. ఈమె మాత్రము స్వదేశమున క్రొత్తత్రోవ త్రొక్కుచున్న స్టూవర్ట్ డేవిస్, చార్లెస్ షీలర్, బెన్ షాన్, జపానునుండి వచ్చిన యసువో కునియోషి వంటివారిని నమ్మెను. సామాన్యులును కొనునట్లు వెలలు తగ్గించి, వాయిదాలపై నిచ్చెను. చీరలకు వాయిదాలు మనమెఱుగుదుము. పటములకు వాయిదాలనిన మాకు మొదట నవ్వు వచ్చినది, పిదప గౌరవము కలిగినది.

1931లో, ఆర్థికమాంద్యము నడుమ, ఆమెకు మఱియొక యూహ తోచెను. గాలివాటు తెలుపుటకు ఇంటికప్పుపై నుంచు లోహపు కోడిపుంజులు, పేరెఱుగని వారు వ్రాసిన పాతపటములు ఊరూర సేకరించి, జానపదకళకు వేఱొక అంగడి పెట్టెను. రాక్‌ఫెల్లరుగారి యిల్లాలు ఆబీ వానిని మక్కువతో కొనెను. ఆ లాభమును హాల్పెర్ట్ తన చిత్రకారుల పోషణకు మరల్చెను. ఊరుపేరులేని పాతచేతులు క్రొత్తచేతులకు అన్నము పెట్టినవి!

1941 డిసెంబరులో, అమెరికా యుద్ధమున దిగిన దినములలోనే, నల్లజాతి చిత్రకారుల ప్రదర్శనము జరిపెను. జేకబ్ లారెన్సు అను 24 ఏండ్ల యువకుడు, దక్షిణమునుండి ఉత్తరమునకు వలసపోయిన తనవారి కథను 60 పలకలపై చిత్రించియుండెను. అవి రెండు గొప్ప చిత్రశాలలకు చెఱిసగముగా అమ్ముడుపోయినవి.

హాల్పెర్ట్ 1970లో గతించెను. తనకై దాచుకొన్న పటములు 1973లో వేలమున చెదరిపోయినవి.

మొన్న సంతనాడు పరిచయమున్న గిరిజన గృహిణిని, "నీ గోడయంచులు అట్టపై వ్రాసి యిత్తువా, వెల యెంత?" అని యడిగితిమి. ఆమె నవ్వి, "గోడకు వెలేమిటమ్మా?" యనెను. మరునాడు ఒక బుట్టెడు ఎఱ్ఱమన్ను పంపెను.