కాఫీ హోటలు తెరిచేది రాత్రే

ఈ కాలేజీలో చదివిన మూడేళ్లూ తెల్లవారుజామున ఒక కాఫీ హోటల్లో పనిచేసి ఫీజు కట్టుకున్నవాణ్ణి. క్యాంటీను తామే నడపాలని ముచ్చటపడే విద్యార్థి మిత్రుల కోసం ఈ నాలుగు ముక్కలు.

హోటలు తెరవడం పొద్దున మొదలు కాదు, ముందురోజు రాత్రే మొదలవుతుంది. కాఫీగింజలో నూనె ఉంటుంది. అది ఫిల్టరు చిల్లులకు పట్టి రాత్రంతా నిలిచిందా, మర్నాడు ఎంత మంచి పొడి వేసినా కనరు వాసనే. అందుకని మరిగే నీళ్లతో కడిగి, దీపానికెత్తి చిల్లులు చూసి బోర్లించేవాళ్లం. మిగిలిన డికాక్షను పారబోయాల్సిందే. ఇక్కడే పేచీ! "రేపటి దాంట్లో కలిపితే ఎవడికి తెలుస్తుందిరా?" అనేవాడు యజమాని. మొదటి గుక్కకే తెలుస్తుంది. ఆటోవాళ్లు, పేపరు కుర్రాళ్లు తగాదా పడరు. మాట్లాడకుండా ఎదురు కొట్టుకి పోతారు. వారం రోజులు కలిపి, గల్లాపెట్టె చూసుకుని ఆయనే మానుకున్నాడు.

చిల్లర లెక్క, గ్యాసు కట్టేయడం, షట్టరు తాళం అందరికీ తెలిసినవే.

పొద్దున నాలుగింటికి ముందు నీళ్లు కాచాలి. డికాక్షను బొట్టుబొట్టుగా దిగాలి కదా, తొందరపడి పొడిని కెలకకూడదు. ఈలోగా పాలు. క్యాను రాగానే గిన్నెలో గుమ్మరించేయకుండా, ఒక గ్లాసుడు విడిగా కాచి, విరగకపోతేనే మిగతావి పొయ్యెక్కించాలి. ఎండాకాలం ఒక్క క్యాను విరిగితే ఆ రోజు లాభం హుళక్కే.

మొదటి కప్పు పంచదార లేకుండా యజమానే తాగేవాడు. ఆయన తలాడిస్తేనే షట్టరు పూర్తిగా పైకెత్తేవాళ్లం.