యూరియా ఎలా తయారవుతుంది?

శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు వరికి, మక్కకు యూరియా చల్లుతారు. ఆ యూరియా ఎలా తయారవుతుంది?

పెద్దపల్లి జిల్లా రామగుండంలో యూరియా ఫ్యాక్టరీ ఉంది. పాతది 1999లో మూతపడింది. కొత్తది 2021లో మొదలైంది. దానికి పైపుల్లో గ్యాసు వస్తుంది. ఆ గ్యాసులో ఎక్కువ భాగం మీథేన్. గోబర్ గ్యాసులో మండేది కూడా అదే.

మీథేన్‌కు నీటి ఆవిరి కలిపి, సుమారు 800 డిగ్రీల వేడిలో నికెల్ అనే లోహం మీదుగా పంపుతారు. అప్పుడు హైడ్రోజన్ వస్తుంది. దానికి గాలిలోని నత్రజని కలిస్తే అమోనియా అవుతుంది. అమోనియా నుంచి యూరియా చేస్తారు.

నికెల్ పని జరిపిస్తుంది. తాను మాత్రం ఖర్చయిపోదు. ఇలాంటి దాన్ని ఉత్ప్రేరకం అంటారు.

నికెల్ ముద్దగా ఉంటే గ్యాసు పైపైనే తగులుతుంది. లోపలిదంతా వృథా. అందుకే సన్న రంధ్రాలున్న పింగాణీ లాంటి బిళ్లలు తీసుకుంటారు. నికెల్ ఉప్పు కరిగిన నీళ్లలో వాటిని నానబెడతారు. ఆరబెట్టి కాలుస్తారు. తర్వాత వేడి మీద హైడ్రోజన్ పంపిస్తారు. అప్పుడు నికెల్ రేణువులు బిళ్లకు పట్టి ఉంటాయి, అన్నం మెతుకులకు నెయ్యి పట్టినట్టు. కొంచెం లోహంతోనే ఎక్కువ పని అవుతుంది.

ఆవిరి తక్కువైతే నికెల్‌కు మసి పడుతుంది. గ్యాసులో గంధకం ఉంటే పాడవుతుంది. అందుకే గంధకాన్ని ముందే తీసేస్తారు. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీలో శాస్త్రవేత్తలు ఇలాంటి ఉత్ప్రేరకాల మీద పరిశోధన చేస్తున్నారు.

గుప్పెడు యూరియా వెనుక ఇంత పని ఉంది. ఎక్కువ చల్లితే డబ్బు దండగ, చీడపీడలు కూడా పెరుగుతాయి. పంటకు ఎంత కావాలో అంతే చల్లాలి.