నారదుని మూడు ప్రశ్నలు – క్షతగాత్ర సైనికుల సహాయనిధులు

మహాభారత సభాపర్వమున, మయసభలో కొలువుదీరిన ధర్మరాజు కడకు నారద మహర్షి విచ్చేసి, రాజధర్మమును గురించి ప్రశ్నల వర్షము కురిపించును. ఆ ప్రశ్నలలో మూడింటిని ఏరి ఒకచోట పేర్చినచో, అవి నాటి రాజునే కాక నేటి పౌరులను గూడ ఉద్దేశించి అడిగినట్లు తోచును. సైన్యమునకు ఈయవలసిన బత్తెమును, జీతమును జాగు సేయక తగిన వేళకు ఇచ్చుచున్నావా యనునది మొదటిది. నీ కొఱకు ప్రాణములు విడిచినవారి భార్యలను, నీ కొఱకు ఆపదల పాలైనవారి భార్యలను పోషించుచున్నావా యనునది రెండవది. అంధులను, మూగలను, కుంటివారిని, అంగహీనులను, బంధువులు లేనివారిని తండ్రివలె కాపాడుచున్నావా యనునది మూడవది.

ఈ మూడింట వీరస్వర్గపు ప్రసక్తి లేదు. బిరుదముల మాట లేదు. వేళ, తిండి, కాపుదల – ఇవియే ఉన్నవి. యుద్ధమున కాలో చేయో కోల్పోయి ఇల్లు చేరిన సైనికునికిని, అతని ఆలుబిడ్డలకును కావలసినవి గూడ ఈ మూడే.

ఈ న్యాయము మన పూర్వులకు పుస్తకములలో మాత్రమే తెలిసినది కాదు. తెలుగునాట ఊరి పొలిమేరలలో వీరగల్లులు నేటికిని కానవచ్చును. రణమున మడిసిన వాని కుటుంబమునకు భూమి నిచ్చు ఆచారమును శాసనములు తెలుపుచున్నవి. అట్టి భూమికి రక్తమాన్యమని పేరు. కన్నడసీమలో దీనినే నెత్తరు కొడగె యనిరి. మరణించినవానికి శిల, మిగిలినవారికి చేను. రెండింటిలో ఏ ఒక్కటి లోపించినను ఋణము తీరినట్లు కాదని వారు ఎఱిగియుండిరి.

నేటి ప్రభుత్వములు మాన్యమునకు మారుగా పింఛను నిచ్చుచున్నవి. పింఛను హక్కు, ఒకరి దయ కాదు. కాని హక్కునకు రుజువు కావలయును. గాయపడిన సైనికుని వైద్యమండలి పరీక్షించును. వైకల్యము నూటికి ఎంతపాళ్లో నిర్ణయించును. అది సైనికసేవ వలన కలిగినదా, సేవ వలన ముదిరినదా, లేక సేవతో సంబంధము లేనిదా యని విచారించును. ఆ మీదట కాగితములు ఒక కార్యాలయము నుండి మఱొక కార్యాలయమునకు నడచును. తగవు వచ్చినచో 2007 నాటి చట్టము క్రింద ఏర్పడిన సాయుధదళముల న్యాయాధికరణమునకు పోవలసియుండును. వ్యయమగునది ప్రజాధనము గనుక ఈ విచారణను తప్పు పట్టుటకు వీలు లేదు. అయినను అద్దె ఈయవలసిన తేదీ ఆ విచారణ ముగియువఱకు ఆగదు. మందుల అంగడివాడు వైద్యమండలి తీర్పుకై వేచియుండడు. పిల్లవాని పరీక్ష రుసుమునకు గడువు దాటినచో ఒక సంవత్సరము వ్యర్థమగును. ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుట యను సామెత ఇట్టి సందర్భమునకు సరిపోవును.

మఱియు ప్రతి నియమమునకు ఒక గీత ఉండును. ఆ గీతకు ఆవల కొన్ని ఇండ్లు మిగిలిపోవును. పదేండ్ల సేవ నిండక మునుపే, సేవతో సంబంధము లేని వ్యాధి వలన సైన్యము నుండి పంపివేయబడినవానికి పూర్వము నెలసరి పింఛను లేకుండెను. ఒక్కమాఱు ఇచ్చు గ్రాట్యుటీతో సరిపెట్టుకొనవలసి వచ్చెడిది. 2020 జూలైలో ప్రభుత్వము ఈ నియమమును సడలించినది. కాని 2019 జనవరి 4వ తేదీన గాని, ఆ తరువాత గాని సేవలో ఉన్నవారికే ఆ మేలు దక్కినది. అంతకు ముందే ఇల్లు చేరినవారు గీతకు ఆవలనే నిలిచిరి. చట్టము వచ్చులోపలి దినములను గడపుటకును, చట్టము చేరని గడపలను చూచుటకును ఏర్పడినవే ధర్మనిధులు.

అట్టి నిధికి గూడ గీతలుండునని తెలుపు కథ ఆంగ్లసాహిత్యమున ఒకటి కలదు. 1854 అక్టోబరు 25న, క్రిమియా యుద్ధమున, బాలక్లావా వద్ద సుమారు 670 మంది ఆంగ్ల ఆశ్వికులు పొరపాటున అందిన ఆజ్ఞను తలదాల్చి శత్రువుల ఫిరంగుల నోటికి ఎదురేగిరి. అదే సంవత్సరము డిసెంబరులో టెన్నిసన్ మహాకవి వారిపై వ్రాసిన గీతమును మన పాఠశాలలలో ఎన్నో తరముల విద్యార్థులు వల్లించిరి. ఆ యుద్ధ సందర్భమున 1854లోనే ఇంగ్లండులో ‘పేట్రియాటిక్ ఫండు’ ఏర్పడి, పది లక్షల పౌనులకు మించి చందాలు వచ్చినవి. అయితే అది మరణించినవారి వితంతువులకును, అనాథలైన బిడ్డలకును ఉద్దేశించిన నిధి. గాయములతో బ్రతికి వచ్చినవారు దాని గీతకు ఆవలివారైరి.

ముప్పదియాఱు సంవత్సరములు గడచినవి. గీతము మాత్రము దేశమంతట మార్మ్రోగుచునే ఉన్నది. 1890లో, ఆ ఆశ్వికులలో మిగిలిన వృద్ధులు కొందఱు తిండికి లేక అల్లాడుచున్నారని లోకమునకు తెలిసినది. అప్పుడు వారికై మఱొక సహాయనిధిని తెఱచిరి. ఫ్లారెన్స్ నైటింగేల్ ఆ నిధికై జూలైలో తన కంఠమును ఫోనోగ్రాఫు యంత్రమున నింపినది. బాలక్లావాలో పాల్గొన్న ఒక బాకావాదకుడు తన బాకా ధ్వనిని గూడ అట్లే నింపినాడు. అప్పటికి యువకుడైన కిప్లింగు, బ్రతికియున్న ఆ వృద్ధసైనికులు ముసలి టెన్నిసనును వెదకుకొనుచు పోయినట్లు కల్పించి, జాతి కృతఘ్నతను దెప్పిపొడుచుచు ఒక గీతమును వ్రాసెను. నారదుని మొదటి ప్రశ్నకు ఇంగ్లండు ముప్పదియాఱేండ్లు ఆలసించి చెప్పిన సమాధానమది. అప్పటికే పలువురు ఆ సమాధానము వినుటకు లేరు.

ఆ లోపమును గుర్తించినవారు లేకపోలేదు. 1885లో సైన్యములు ఈజిప్టునకు బయలుదేరుచున్న వేళ మేజర్ జేమ్స్ గిల్డియా అనునతడు పత్రికాముఖమున విజ్ఞప్తి చేసి, సైనికుల, నావికుల కుటుంబముల సంఘమును స్థాపించెను. తరువాత వైమానికులు గూడ అందు చేరిరి. ఆ సంఘము నేటికిని పనిచేయుచున్నది. దాని పద్ధతి మిక్కిలి సులువైనది. ఆ ప్రాంతమున నివసించు స్వచ్ఛందసేవకుడో సేవకురాలో బాధితుని ఇంటికి పోయి, కన్నులార చూచి, ఏది తక్షణము కావలయునో తెలిసికొనుట. పొయ్యిలో నిప్పు లేని ఇంటిని చూచినవానికి నూటికి ఎంతపాళ్ల వైకల్యమని అడుగవలసిన పని ఉండదు.

మొదటి ప్రపంచయుద్ధానంతరము 1921లో బ్రిటిష్ లీజన్ ఏర్పడి, కాగితపు గసగసాల పువ్వులను అమ్మి నిధిని సేకరించుట మొదలిడెను. 1922లో జార్జి హౌసన్ అను సేనాని వికలాంగులైన మాజీ సైనికులను అయిదుగురిని చేర్చుకొని లండనులో ఆ పువ్వుల కర్మశాలను తెఱచెను. ఒక్క చేయి మిగిలినవాడును చేయగలుగునట్లు ఆ పువ్వును రూపొందించుట అందలి విశేషము. సాయము పొందువాడే సాయమునకు కర్తయగుట అందువలన సాధ్యమైనది.

మన దేశమునకు వచ్చినచో, 1914–18 యుద్ధమున పదిలక్షలకు మించిన భారతీయులు సేవచేసిరి. వికలాంగులైన సైనికులకు చేతిపనులు నేర్పుటకై 1917లో క్వీన్ మేరీ పేర ఒక విద్యాలయము వెలసెను. పూనా సమీపమున కిర్కీలో అది స్థిరపడినది. కృత్రిమ అవయవముల కేంద్రము 1944లో పూనాలో ఏర్పడెను. గల్లిపోలి రణమున 1915లో చూపు కోల్పోయిన క్లూథా మెకంజీ అను న్యూజిలాండు దేశీయుడు, రెండవ ప్రపంచయుద్ధకాలమున డెహరాడూనులోని సెయింట్ డన్‌స్టన్స్ సంస్థలో, తనవలెనే అంధులైన భారతీయ సైనికులకు బ్రెయిలీ లిపిని, వృత్తులను నేర్పించెను. తెలుగువారికిని ఈ చరిత్రలో పాలు కలదు. తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరము తరతరములుగా తన బిడ్డలను సైన్యమునకు పంపుచు, మిలిటరీ మాధవరమను పేరునే సంపాదించుకొన్నది.

స్వాతంత్ర్యము వచ్చిన రెండేండ్లకు, 1949 ఆగస్టులో, రక్షణమంత్రి నేతృత్వమున ఏర్పడిన సంఘము ఏటేట డిసెంబరు 7వ తేదీని పతాకదినముగా పాటింపవలయునని నిశ్చయించెను. ఎఱుపు, ముదురు నీలము, లేత నీలము – ఈ మూడు రంగుల చిన్నజెండా పదాతి, నౌకా, వైమానిక దళములకు గుర్తు. దానిని రొమ్మున ధరించి, తోచినంత చందా ఈయుట పద్ధతి. రణమున దెబ్బతిన్నవారి పునరావాసము, సేవలోనున్నవారి కుటుంబముల సంక్షేమము, మాజీ సైనికుల జీవనము – ఇవి మూడును ఆ దినమునకు ఉద్దేశములు. వేర్వేఱుగా నున్న పెక్కు నిధులను 1993లో కలిపి సాయుధదళముల పతాకదిన నిధిగా ఒక్కటి చేసిరి. కేంద్రమున కేంద్రీయ సైనిక బోర్డు, రాష్ట్రములలో సైనిక సంక్షేమ శాఖలు, జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయములు – ఈ కాలువల మీదుగా ఆ సొమ్ము పారును.

ఆ సొమ్ము ఎవరికి చేరునో విద్యార్థులు తెలిసికొనదగును. పింఛను లేని, 65 ఏండ్లు దాటిన, స్థిరమైన రాబడి లేని మాజీ సైనికులకును, వారి వితంతువులకును నెలకు 4,000 రూపాయలుగా నున్న పేదరిక సహాయమును 2025 అక్టోబరులో 8,000 రూపాయలకు పెంచిరి. ఇద్దఱు బిడ్డలవఱకు చదువునకిచ్చు సహాయమును నెలకు ఒక్కొక్కరికి 1,000 నుండి 2,000 రూపాయలకును, ఆడపిల్లల వివాహమునకిచ్చు సహాయమును 50,000 నుండి లక్ష రూపాయలకును పెంచిరి. వైద్యమునకును వేఱుగా సాయము కలదు. కిర్కీ, మొహాలీలలో వెన్ను దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన సైనికులకు ఆశ్రయమిచ్చు కేంద్రములకు గూడ పతాకనిధి తోడ్పడుచున్నది. 2016 ఫిబ్రవరిలో సియాచిన్ హిమపాతమున పదిమంది సైనికులు మంచు క్రింద చిక్కుకొన్నప్పుడు పలువురు పౌరులు తామై సాయము చేయ ముందునకు వచ్చిరి. అట్టి దాతల కోరికకు రూపమిచ్చుటకై 2017 జూలైలో యుద్ధ క్షతగాత్రుల సంక్షేమనిధి ఏర్పడినది.

నిధి ఎంత పెద్దదైనను ఒక చిక్కు మిగులును. అడుగనిదే అమ్మయైనను పెట్టదని లోకోక్తి. కాని ఆజ్ఞను పాలించుట నేర్చినవాడు యాచించుట నేర్వడు. మురళీకాంత్ పేట్కర్ చరిత్రము ఇందుకు తార్కాణము. సైన్యమున యంత్రశిల్పిగా నుండిన ఆయన 1965 యుద్ధమున తుపాకిగుండ్ల దెబ్బకు గుఱియై నడకను కోల్పోయెను. పిమ్మట ఈతను సాధన చేసి, 1972లో హైడల్‌బర్గ్ పారాలింపిక్ క్రీడలలో 50 మీటర్ల ఈతలో స్వర్ణపతకము గెలిచెను. టాటా సంస్థవారు ధనసహాయము చేయబూనగా, తనకు ధనము వలదు, ఉద్యోగము కావలయునని కోరినట్లు ఆయనయే చెప్పియున్నారు. వారి కర్మాగారమున చిరకాలము పనిచేసిరి. 2018లో ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. అందఱును పేట్కరులు కాజాలరు. మంచము దిగలేని వానికి ఉద్యోగము చూపుట పరిహాసమగును. అయినను ఆయన మాట దాతలకు ఒక హద్దును చూపుచున్నది. ఆపత్సమయమున ఇచ్చు సొమ్ము పుచ్చుకొనువాని తలను వంచరాదు. ఫోటో తీయించి, సభ పెట్టి, దండవేసి ఇచ్చిన వేయి రూపాయలకంటె, సంజవేళ ఇంటికి పోయి మాటాడకుండ అందించిన నూఱు రూపాయలు ఘనమైనవి.

ఇచ్చట ఉపాధ్యాయులకు, విద్యార్థులకు చేయదగిన పని చాల కలదు. దానికి ధనముతో నిమిత్తము లేదు. పల్లెలలో మాజీ సైనికుని వితంతువునకు తనకు ఏ సహాయము రావలసియున్నదో తెలియదు. భర్త సేవాపుస్తకము ట్రంకుపెట్టె అడుగున ఉండును. దానిలోని ఆంగ్లము ఆమెకు అక్కఱకు రాదు. పేరు ఒక కాగితమున ఒక విధముగను, మఱొక కాగితమున మఱొక విధముగను ఉండుటచే దరఖాస్తు తిరిగి వచ్చును. ఇట్టి ఇంటికి బడిపంతులు ఒక్క ఆదివారము పోయి, కాగితములు విప్పి చదివి, దరఖాస్తు వ్రాసిపెట్టి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు త్రోవ చూపినచో, అది వేయి జెండాలు అమ్మినదానికి తక్కువ కాదు. పెద్ద తరగతుల విద్యార్థులు తమ ఊరిలో సైన్యమున పనిచేసి వచ్చినవారెవరో, వారిలో నడువలేనివారు, చూడలేనివారు ఎవరో ఒక జాబితా వ్రాసి ఉంచుకొనవచ్చును. గిల్డియా సేవకులు ఇంటింటికి పోయి చేసిన పనియే ఇది.

పతాకదినము సంవత్సరమున ఒక్కమాఱే వచ్చును. సైనికుని ఇంటికి ఆపద డిసెంబరు 7వఱకు ఆగి రాదు. ఆ దినమున రొమ్మున గుచ్చుకొన్న కాగితపు జెండాను మఱునాడు పాఱవేయక, ఇంటి క్యాలెండరు ప్రక్కన గుచ్చి ఉంచినచో, తక్కిన 364 దినములును అది ఆ బాకీని జ్ఞప్తి చేయుచుండును.