అరవదు... అడగదు... అందుకే అన్యాయమైపోతోంది!

ఆకలేస్తే ఆవు అంబా అంటుంది. కుక్క గుమ్మం దగ్గర నిలబడి మొరుగుతుంది. పిల్లి సంగతి సరేసరి, పాలగిన్నె మూత తీసేదాకా కాళ్లకి అడ్డం పడుతూనే ఉంటుంది. తాబేలు మాత్రం ఏమీ అనదు. నాలుగు రోజులు తిండి పెట్టకపోయినా, పది రోజులు నీళ్లు మార్చకపోయినా, నెలల తరబడి ఎండ మొహం చూపించకపోయినా తల లోపలికి లాక్కుని ఓ మూల పడుంటుంది. ఇంటికొచ్చినవాళ్లు "అబ్బ, ఎంత బుద్ధిగా ఉందో!" అంటారు. అది బుద్ధి కాదు, నీరసం అని చాలామందికి తెలియదు.

తాబేలంటే మా జహీరాబాద్ వాళ్లకి కొత్తేమీ కాదు. చెరువు గట్టున, వాగుల్లో, వానాకాలం పొలాల్లో చూస్తూ పెరిగినవాళ్లమే. పక్కనే మంజీరా నది. సంగారెడ్డి దగ్గర ఆ నదిలో మొసళ్ల కోసమే 1978లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. నీటిలో ఉండాల్సినవి నీటిలో, నేలమీద తిరగాల్సినవి నేలమీద... ఎవరి చోట వాళ్లం అన్నట్టు గడిచిపోయేది. ఇప్పుడలా లేదు. ఆదివారం పూట హైదరాబాద్ వెళ్లినవాళ్లు చేపల దుకాణం ముందు ఆగుతున్నారు. పిల్లలు మారాం చేస్తే, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో రెండు బుల్లి తాబేళ్లను వేయించుకుని సాయంత్రం బస్సుకి తిరిగొస్తున్నారు. ఇంకొందరేమో "ఇంట్లో తాబేలుంటే డబ్బు నిలుస్తుందట" అని ఎవరో చెప్పారని తెచ్చుకుంటున్నారు. తెచ్చేది ఎవరైనా, ఆ తర్వాత దాని బాధ్యత పడేది మాత్రం మన ఆడవాళ్ల మీదే. అందుకే ఈ నాలుగు మాటలూ మనతోనే చెప్పుకోవాలనిపించింది.

రెండు రకాలు... రెండు కష్టాలు

మన ఇళ్లలోకి వచ్చే తాబేళ్లు ముఖ్యంగా రెండు రకాలు.

ఒకటి నక్షత్ర తాబేలు. గోపురంలా ఉబ్బెత్తుగా ఉండే నల్లటి డిప్ప మీద పసుపుపచ్చ గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. చూడముచ్చటగా ఉంటుంది. ఆ అందమే దాని పాలిట శాపం. ఇది మన దేశంతో పాటు శ్రీలంక, పాకిస్తాన్‌లలోనూ ఉంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, తూర్పు కర్ణాటకల్లోని ముళ్లపొదల నేలలు, మెట్ట ప్రాంతాలు దీని పుట్టిళ్లు. గడ్డి, ఆకులు, పూలు, రాలిన పళ్లు తిని బతుకుతుంది. అక్కణ్నుంచి పట్టి, సంచుల్లో కుక్కి విదేశాలకు దొంగతనంగా చేరవేస్తుంటారు. ఇది నేలమీద తిరిగే ప్రాణి, ఈత రాదు. ఆ సంగతి తెలియక నీళ్లతొట్టిలో వేస్తే ఊపిరాడక చచ్చిపోతుంది. వాస్తు కోసమే కావాలంటే ఇత్తడి తాబేలు ఉండనే ఉంది కదా! దానికి ఆకలీ లేదు, రోగమూ రాదు.

రెండోది పచ్చగా, పాత రూపాయి బిళ్లంత ఉండే నీటి తాబేలు. కంటి వెనకాల ఎర్రటి చార ఉంటుంది. ఇది మన దేశానిదే కాదు. దీని సొంత ఊరు అమెరికా దక్షిణ ప్రాంతాలు. "ఇంతే ఉంటుంది మేడమ్, పెరగదు" అని చెప్పి అమ్ముతారు. ఆ మాట నమ్మకండి. ఆడ తాబేలైతే సుమారు అడుగు పొడవు దాకా పెరుగుతుంది. సరిగ్గా చూసుకుంటే ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. అంటే ఇవాళ రెండో తరగతి చదివే పిల్లాడికి పెళ్లయ్యేనాటికి కూడా అది ఇంట్లోనే ఉంటుందన్నమాట. ఆ లెక్క వేసుకుని కొనేవాళ్లెందరు?

బాత్‌రూమ్ వెనకాల బేసిన్లో...

మా వీధిలో ఒకామె ఇంట్లో అలాంటి తాబేలునే చూశాను. బాత్‌రూమ్ వెనకాల, ఎండ తగలని చోట, ఓ పాత బేసిన్లో ఉంది. నీళ్లు పాకుడు పట్టి వాసనొస్తున్నాయి. కళ్లు రెండూ వాచి మూసుకుపోయాయి. అడిగితే ఆమె నొచ్చుకుంటూనే చెప్పింది.

"పిల్లగాడు అడిగిండని వాళ్ల నాయిన రెండు తెచ్చిండక్కా. నెల రోజులు మంచిగ ఆడుకున్నడు. ఇప్పుడు దాని దిక్కే చూస్తలేడు. ఒకటి పోయిన చలికాలంల సచ్చిపోయింది. నీళ్లు మార్చుడు, తిండి ఏసుడు అంతా నాకే పడ్డది. దానికేం గావాల్నో నాకేం ఎరుక? అన్నం మెతుకులు ఏస్తున్న."

ఆమె మాటల్లో నిర్దయ లేదు. పొద్దున లేచింది మొదలు నీళ్లు పట్టడం, వంట, బడికి డబ్బాలు, అత్తగారి మందులు... వీటి మధ్యలో మాట్లాడని ప్రాణి ఒకటి. అది ఎలా కనబడుతుంది?

ఇద్దరం కలిసి దాన్ని కూరగాయల బుట్టలో పెట్టుకుని పశువైద్యశాలకు తీసుకెళ్లాం. ముందు ఓ బర్రె, వెనకాల రెండు మేకలు, మధ్యలో మేమూ మా బుట్టా! నవ్వినవాళ్లు నవ్వారు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. హైదరాబాద్‌లో ఉన్న తోటి డాక్టరుకి ఫోన్ చేసి మరీ కనుక్కుని చెప్పారు. ఒకే రకం తిండి వల్ల 'ఎ' విటమిన్ తగ్గి కళ్లు వాచాయి. ఎండ, కాల్షియం లేక డిప్ప మెత్తబడుతోంది. మందు రాసిచ్చి, ఉండే చోటు మార్చమన్నారు.

పాత బేసిన్ తీసేసి పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టాం. మధ్యలో రెండు ఇటుకలు, వాటి మీద తాండూరు బండ ముక్క, అది ఎక్కి ఆరడానికి. పొద్దుటి ఎండ పడే వసారాలోకి మార్చి, కాకులూ పిల్లులూ రాకుండా పైన ఇనుప జాలీ కప్పాం. మూడో వారానికి ఒక కన్ను తెరిచింది. ఆ సాయంత్రం ఆమె మా గుమ్మంలోకి వచ్చి, "అక్కా, నన్ను చూసింది!" అంది. ఆ గొంతులో ఉన్న సంబరం ఇంకా నా చెవుల్లో ఉంది.

ఇంట్లో ఉంటే ఇవి తప్పవు

మీ ఇంట్లో ఇప్పటికే ఎర్రచార తాబేలు ఉందనుకోండి. దానికి ఇవి కావాలి:

ఈదడానికి సరిపడా నీళ్లు, పూర్తిగా ఆరడానికి ఎత్తయిన పొడి చోటు. రెండూ ఉండాలి. ఎప్పుడూ తడిలోనే ఉంటే డిప్ప పాడవుతుంది.

రోజూ కాసేపు నేరుగా ఎండ. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికి రాదు. ఎండలోని అతినీల లోహిత కిరణాలు తగిలితేనే దాని ఒంట్లో 'డి' విటమిన్ తయారై, కాల్షియం ఒంటబడుతుంది. అలాగని మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేయకూడదు. టబ్బులో సగానికి నీడ ఉండాలి.

తాబేళ్ల కోసం తయారుచేసిన మేత, దాంతోపాటు వానపాములు, గుమ్మడి, క్యారెట్ తురుము, ఆకుకూరలు. పాలకూర మాత్రం తరచూ వద్దు. అది కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. పక్షుల దుకాణాల్లో దొరికే సముద్రపు నురుగు ముక్క ఒకటి నీళ్లలో వేస్తే కొరుక్కుంటుంది. అన్నం, బ్రెడ్డు, బిస్కెట్లు దానికి తిండి కాదు.

చలికాలంలో ప్రత్యేకంగా చూసుకోవాలి. రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రత అంటూ మన కోహీర్ పేరు పేపర్లో వస్తూనే ఉంటుంది కదా! తాబేలు, పాము, తొండ వంటివి మనలా ఒంట్లో వేడి పుట్టించుకోలేవు. చుట్టూ వేడి ఉంటేనే తిన్నది అరుగుతుంది. డిసెంబరు రాత్రి బయట వదిలేస్తే తిండి మానేస్తాయి, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. ముక్కులోంచి బుడగలు రావడం, నీళ్లలో ఓ పక్కకి ఒరిగి తేలడం, కళ్లు వాయడం, డిప్ప మెత్తబడటం... ఇవే అది మనకు చెప్పే మాటలు. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి.

ఇంకో ముఖ్య విషయం. ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా అనే క్రిములు ఉంటాయి. వాటివల్ల విరేచనాలు, జ్వరం వస్తాయి. చిన్నపిల్లలు బుల్లి తాబేళ్లను నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారనే, అమెరికాలో 4 అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు. అయిదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దాని టబ్బు గిన్నెలు కడిగే సింకులో కడగకూడదు.

చెరువులో వదిలితే పుణ్యమా?

పెంచలేకపోతే చాలామంది చేసే పని ఒకటే. "పాపం, దాని మానాన అది బతుకుతుంది" అని చెరువులోనో, గుడి కోనేట్లోనో వదిలేస్తారు. వదిలినవాళ్లకి పుణ్యం చేసినట్టే ఉంటుంది. కానీ ఈ ఎర్రచార తాబేలు ప్రపంచంలో అతి హానికరమైన వంద చొరబాటు జీవుల జాబితాలో ఉంది. తిండి దగ్గర, ఎండకు ఎక్కే చోటు దగ్గర మన స్థానిక తాబేళ్లను తరిమేస్తుంది. కొత్త రోగాలు అంటిస్తుంది. ఇంట్లో ఒక ప్రాణి కష్టాన్ని చూడలేక చెరువు నిండా కష్టం పోసినట్టవుతుంది. పెంచలేకపోతే అటవీ శాఖవాళ్లనో, హైదరాబాద్‌లోని జంతు సంరక్షణ సంస్థలనో సంప్రదించండి. బాగా చూసుకోగల ఇల్లు దొరికేదాకా ఓపిక పట్టండి.

చట్టం ఏమంటోంది?

నక్షత్ర తాబేలును కొనడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఆ సవరణతో, పులికి ఉన్న రక్షణే దీనికీ వచ్చింది. మొదటి షెడ్యూల్లో ఉన్న ప్రాణి విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. మన చెరువుల్లో ఉండే తాబేలూ, పొలాల్లో కనిపించే ఉడుమూ అదే షెడ్యూల్లో ఉన్నాయి. నక్షత్ర తాబేళ్ల అంతర్జాతీయ వ్యాపారాన్ని 2019లోనే నిషేధించారు. ఇగువానాలు, కొండచిలువల వంటి విదేశీ ప్రాణుల్లో అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నవి ఇంట్లో ఉంటే, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి.

తెలిసో తెలియకో నక్షత్ర తాబేలు ఇంట్లోకి వచ్చి ఉంటే దాచకండి. ఎవరికో ఇచ్చేయకండి, ఎక్కడో పొలంలో వదిలేయకండి. దగ్గరలోని అటవీ శాఖ కార్యాలయానికి తీసుకెళ్లి అప్పగించండి. ఎక్కడెక్కడివో కలిపి పెంచిన తాబేళ్లను అడవిలో వదిలే ముందు వైద్య పరీక్షలు చేయాలి, వాటికి సరిపడే చోటు చూడాలి. 2018 నవంబరులో సింగపూర్‌లో రక్షించిన 51 నక్షత్ర తాబేళ్లను విమానంలో కర్ణాటకకు తెచ్చారు. చేతిలో ఇమిడే ప్రాణిని సొంత నేలకు చేర్చడానికి అంత శ్రమ పడాల్సి వచ్చింది. పట్టుకొచ్చేవాడికి పట్టేది మాత్రం ఒక్క క్షణం!

భక్తి సరే, బాధ్యతో?

తాబేలు మనకు కూర్మావతారం. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మంలో స్వామి ఆ రూపంలోనే కొలువై ఉన్నాడు. పామంటే నాగదేవత. శ్రావణంలో పాములవాడు బుట్ట తెరిస్తే మనం పాలు పోసి, చేతిలో చిల్లర పెడతాం. పాముకి పాలు తిండి కాదు. రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండబెడితేనే, దాహానికి తాళలేక అది తాగుతుంది. చాలాసార్లు దాని కోరలు పీకేసి ఉంటాయి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు నాగపంచమికి అటవీ శాఖతో కలిసి ఇలాంటి పాములను విడిపిస్తుంటారు. మనం చిల్లర వేయడం మానేస్తే, విడిపించే పని వాళ్లకు కొంతైనా తగ్గుతుంది. పుట్టకు దణ్ణం పెట్టుకుంటే నాగమ్మ కాదంటుందా?

పిల్లలకి ప్రాణుల మీద ప్రేమ ఉండటం మంచిదే. వద్దని కసిరేయనక్కర్లేదు. మంజీరా ఒడ్డుకు తీసుకెళ్లి దూరం నుంచి చూపించండి. హైదరాబాద్ నెహ్రూ జూపార్కుకి తీసుకెళ్లండి. ఇంటికి తెద్దామని పట్టుబడితే మాత్రం కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగండి: "వారానికి రెండుసార్లు దీని నీళ్లు ఎవరు మారుస్తారు? నువ్వు హాస్టలుకి వెళ్లాక దీన్ని ఎవరు చూస్తారు?"

జవాబు "అమ్మ" అని వస్తే, ఆ అమ్మ ఒప్పుకుందో లేదో కూడా అడగాలి కదా! కొనేముందే "నావల్ల కాదు" అని చెప్పే హక్కు మనకుంది. తెచ్చాక అది అరవదు, అడగదు. దాని తరఫున ముందే మాట్లాడాల్సింది మనమే.