తామరా? కలువా?



చైత్ర వైశాఖాలలో, నీరు నిలిచి ఉన్న చెరువుల్లో తామరలు పూయసాగుతాయి. "మీ చెరువులో పూసినది తామరా, కలువా?" అని ఎవరైనా అడిగితే మీరేం చెబుతారు?

చాలామంది రంగు చూసి చెబుతారు. ఎర్రగా ఉంటే తామర, తెల్లగా ఉంటే కలువ అంటారు. ఇది సరి అయిన గుర్తు కాదు. తామరలో గులాబిరంగుదీ ఉన్నది, తెల్లనిదీ ఉన్నది. కలువలో తెల్లనిదీ, ఎర్రనిదీ, నీలిరంగుదీ కూడా ఉన్నది.

మరికొందరు, "తామర పగలు పూస్తుంది, కలువ రాత్రి పూస్తుంది" అంటారు. సూర్యుణ్ణి తామరకూ, చంద్రుణ్ణి కలువకూ చుట్టాలుగా చెప్పటం మన కవులకు అలవాటు. అందులో సగమే నిజం. తెల్లకలువ సాయంకాలం విచ్చి, మరునాడు పొద్దెక్కాక ముడుచుకుంటుంది. కాని నల్లకలువ పగలే పూస్తుంది. పేరు నల్లకలువ అయినా దాని రంగు నీలమే!

కనక రంగునూ, వేళనూ నమ్ముకోకండి. ముందు ఆకును చూడండి.

తామరాకు గుండ్రంగా, చీలిక లేకుండా ఉంటుంది. కాడ సరిగా ఆకు నడుమ అతుక్కుని, గొడుగును ఎత్తి పట్టినట్టు ఆకును నీటికి పైన నిలబెడుతుంది. కలువాకు నీటిమీదే పరచుకుని ఉంటుంది. ఒకచోట అంచునుంచి కాడదాకా చీలి ఉంటుంది, అప్పడంలోనుంచి ఒక ముక్క తుంచినట్టు. లేత తామరాకు కూడా మొదట నీటిమీదే తేలుతుంది. అటువంటప్పుడు చీలిక ఉన్నదా లేదా అని చూస్తే చాలు.

రెండవ గుర్తు నీటిబొట్టు. తామరాకు మీద పడిన నీరు ముత్యంలా దొర్లిపోతుంది. ఆకు మీద కంటికి కనిపించనంత చిన్న బొడిపెలూ, వాటిమీద మైనమూ ఉండటమే దీనికి కారణం. దొర్లే బొట్టు దుమ్మును కూడా తనతో తీసుకుపోతుంది. ఈ సంగతిని 1997లో జర్మనీ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు బార్ట్‌లాట్, ఆయన సహచరుడు వివరించారు.

మూడవ గుర్తు పూవు నడుమ ఉన్నది. తామర నడుమ, పైన చదునుగా, గుంటలు గుంటలుగా ఉండే దుద్దు ఉంటుంది. రేకులు రాలిపోయాక ఇది పెద్దదై, గుంటకొక గింజతో కాడమీద నిలబడుతుంది. కలువకు ఇటువంటి దుద్దు లేదు. దాని కాయ నీటిలో మునిగి పండుతుంది. చూపుకు అక్కచెల్లెళ్ళలా ఉన్నా, ఈ రెండు మొక్కలకూ దగ్గరి చుట్టరికం లేదు.

తామరగింజ పెంకు ఎంతో గట్టిది. చైనాలో ఎండిపోయిన ఒక సరస్సు మట్టిలో దొరికిన గింజ ఒకటి, దాదాపు 1,300 ఏళ్ళ నాటిది, మొలకెత్తినట్టు 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు!

అన్నేళ్ళు బతకగల మొక్క మన చెరువుల్లో ఎందుకు తగ్గిపోతున్నది? ఒక కారణం గుర్రపుడెక్క. ఇది దక్షిణ అమెరికానుంచి వచ్చిన మొక్క. ఊదారంగు పూలు గుత్తులుగా పూస్తుంది. పై రేకుమీద పసుపు చుక్క ఉంటుంది. ఆకుకాడ గాలి నిండిన బుడ్డిలా ఉబ్బి ఉంటుంది. తామరా, కలువా బురదలో వేరూని ఉంటాయి. ఇది వేళ్ళతో సహా తేలుతూ పోతుంది. త్వరత్వరగా పిలకలు వేసి నీటినంతా కప్పేస్తుంది. అప్పుడు కింద వెలుగు ఉండదు, చేపలకు ప్రాణవాయువు చాలదు. కృష్ణా గోదావరుల నడుమ ఉన్న కొల్లేరు సరస్సు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో చేరింది. అంతటి కొల్లేటికి కూడా ఈ గుర్రపుడెక్క బెడద తప్పలేదు. కనక పూవు ముద్దుగా ఉన్నదని దీన్ని తెచ్చి మీ చెరువులో ఎన్నడూ వేయకండి.

నేను చెప్పిన గుర్తులన్నీ గట్టుమీదనుంచే చూడవచ్చు. పూవుకోసం నీటిలోకి దిగరాదు. కింద బురద లోతు తెలియదు. కాడలు కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవాడికైనా కష్టమే. తల్లిదండ్రులు పిల్లలతో పాటు వెళ్ళి, పక్కన నిలబడి చూపించాలి. కోయని పూవే గింజ అవుతుంది. ఆ గింజే రేపటి తామర.

ఒక పుస్తకంలో ఆకు బొమ్మ వేసి, తేదీ రాసుకోండి. నెలకొకసారి చూస్తే, మీ చెరువులో ఏది పెరుగుతున్నదో, ఏది తరుగుతున్నదో మీకే తెలుస్తుంది.

ఇక ఒక చిన్న పరీక్ష. ఆకు నీటిమీద పరచుకుని ఉన్నది. ఒకవైపు చీలి ఉన్నది. పూవు నీలంగా ఉన్నది. పట్టపగలే విచ్చుకుని ఉన్నది. అదేమిటో చెప్పగలరా?